చెత్తడబ్బ కింద మూడోది

మా ఇంట్ల కంప్యూటర్‌కు కడుపు నిండింది. మనిషికి నిండితే తేన్పొస్తది, దీనికి నిండితే ఎర్రగీత వస్తది. లోపల హార్డ్‌డిస్క్ అని ఒకటి ఉంటదట, అందుల సీ డ్రైవని ఒక అర్ర, డీ డ్రైవని ఇంకొక అర్ర. డీ డ్రైవు ఊడ్చి పెట్టిన వాకిలి లెక్క ఖాళీగ ఉండంగ, మేమందరం కలిసి సీ డ్రైవులనే కుక్కి కుక్కి పెట్టినం. పొద్దున బటన్ ఒత్తి, చాయ పెట్టుకొని, తాగి, గ్లాసు కడిగి బోర్లేసి వచ్చినా అది ఇంక గుండ్రంగ తిరుగుకుంటనే ఉండేది. లోపల ఎలుక చెక్కను కొరికినట్టు సప్పుడు. నెత్తి మీద రెండు చరుపులు చరిస్తే తెరుచుకునేది. పాత రేడియో మీద నేర్చుకున్న ఇద్దె అది, దీని మీద సుత పనిచేసిందని నేను సంబురపడుతుంటే మా కోడలు స్వప్న నెత్తి కొట్టుకున్నది. "అత్తమ్మా, కొడితే నడిచేది కాదు గిది. సాపు చెయ్యాలె" అన్నది. సాపు అనే మాట మా ఇంట్ల మంచి మాట కాదు. ఎందుకు కాదో చెప్తానికే ఇది రాస్తున్న.

ముందుగాల ఈ కంప్యూటర్ నాదెట్లయిందో చెప్పాలె. నా కొడుకు రైలింజన్ నడుపుతడు, కాజీపేటల కొలువు. పిల్లల సదువుకని తెచ్చిండు. పిల్లలు దాని మీద సదువుకున్నది తక్వ, కార్లు గుద్దుకునే ఆటలాడింది ఎక్వ. తర్వాత వాళ్లకు ఫోన్లొచ్చినయి. కంప్యూటర్ మీద పాత చీరముక్క కప్పి, దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుడు మొదలువెట్టిన్రు. ఇంట్ల ఎవ్వరికి పనికిరాని వస్తువు ఏదైనా ముసలోళ్లకు బహుమానమైతది గదా, అట్ల నాకు దక్కింది. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినంక. మా ఆయన రైలు పట్టాల మీద గ్యాంగుమన్, రైల్వే క్వార్టర్ల ఒక టీచరమ్మ సాయంత్రం పూట ఆడోళ్లను కూసోబెట్టి చెప్పేది. పిల్లలు పెద్దగై బళ్లకు పోతుంటే, నేను వాళ్లు పారేసిన బలపం ముక్కలతోని అ ఆలు దిద్దిన. ఇప్పుడు ఒక్కొక్క వేలుతోని కోడి గింజలేరినట్టు తెలుగు టైపు చేస్త. ఎవలు సదువుతరని అడుగకుండ్రి. రాయనోళ్లు అడిగే ప్రశ్న అది.

తెలుగు వచ్చింది గని ఇంగ్లీషు అక్షరాలు ఇప్పటికీ నాకు పక్కింటోళ్ల సుట్టాలే. మొఖం ఎరుకైతది, పేరు యాదికి రాదు. కాబట్టి కంప్యూటర్ తెర మీద ఏదెక్కడుందో నేను జాగను బట్టి గుర్తు పెట్టుకున్న. ఎడమ దిక్కు మీద మూలకు చెత్తడబ్బ బొమ్మ. దాని కింద మొదటిది నా రాతలు. రెండోది మనవరాలి ఫొటోలు. మూడోది మా అవ్వ. అవ్వ అంటే నన్ను కన్న తల్లి, చచ్చిపోయి శాన ఏండ్లయింది. ఒకసారి క్వార్టర్‌కు వచ్చినప్పుడు నా కొడుకు "అమ్మమ్మా, పాట పాడు" అని ఫోన్ల ఆమె గొంతు పట్టిండు. నేను అప్పుడు కూరగాయలకు పోయిన. ఆ ఫోను పాడైపోయే ముందు వాడు దాన్ని కంప్యూటర్లకు ఎక్కించి "ఇగో అమ్మా, చెత్తడబ్బ కింద మూడోది" అని చూపెట్టిండు. నేను ఒక్కసారి సుత తెరువలే. ఇంటె ఒడిసిపోతదేమో అని భయం. మంచి చీరను పెట్టెల పెట్టి కట్టుకోకుండనే పాతగ చేసేటోళ్లున్నరు గదా, ఆ జాతి మాది. కాని మా అవ్వ పాట మా కంప్యూటర్ల ఉన్నదని మాత్రం వచ్చినోళ్లందరికి చెప్పుకున్న. నాట్లేసేటప్పుడు పాడే పాట అని, వడ్లు దంచే పాట అని, అడిగినోళ్లను బట్టి మారుస్త సుత.

మొన్న మా వదిన సరోజనకు మోకాలు ఆపరేషనయితే చూడబోయిన. మా తల్లిగారూరు పరకాల అవతల. కొన్ని దినాలు ఉండి, ఆమె మోకాలు తిట్లు, దవాఖాన తిట్లు అన్నీ ఇని తిరిగొచ్చిన. స్వప్న గుమ్మంలనే ఎదురైంది. ఆమె ఒక దవాఖానల చీటీలు రాసే కాడ కంప్యూటర్ మీద పనిచేస్తది. సెలవు దొరికిన రోజు నా మీద ప్రేమతోని కూసొని కంప్యూటరంత సాపు చేసింది.

"అత్తమ్మా, మీ కంప్యూటర్ ఇప్పుడు గుర్రం లెక్క ఉరుకుతాంది. ఒత్తి సూడుండ్రి."

ఒత్తిన. నిజంగనే ఉరికింది. తెర మీద ఒక బొమ్మ లేదు. చెత్తడబ్బ, దాని కింద ఒకే ఒక్క పసుపు పెట్టె. మిగతా తెరంత నీలంగ, ఎండిపోయిన చెరువుల నీళ్లున్నయని చెప్పినట్టున్నది.

"ఇదేంది బిడ్డా? బొమ్మలన్నీ ఏడవోయినయి?"

"పోలేదు అత్తమ్మా. అన్నీ సర్దిన. ఫొటోలు ఫొటోల కాడ, మీ రాతలు రాతల కాడ, డీ డ్రైవుల పెట్టిన. పేరు కొట్టి ఎతికితే దొరుకుతయి."

"మా అవ్వేది?"

"ఎవలు?"

"అవ్వ. చెత్తడబ్బ కింద మూడోది."

"దాని పేరేంది?"

"పేరేంది? నేనేమన్న పురుడు చేసి పేరు పెట్టిన్నా? జాగ చెప్తాన గదా!"

స్వప్న మొఖంల రంగు పోయింది. ఆమె చేతులు నెమ్మదిగ కొంగుకు తుడుచుకున్నది, చేతులకు ఏం అంటకున్నా. "అత్తమ్మా, అన్నీ అంకెలే ఉన్న ఫైలా? శాన పెద్దగున్నది. ఏండ్ల సంది ఎవ్వరు తెరువలేదని కంప్యూటరే లిస్టుల పైన చూపెట్టింది. పనికిరానిదనుకొని..."

"అనుకొని?"

"తీసేసిన. చెత్తడబ్బ సుత ఖాళీ చేసిన."

ఆ పసుపు పెట్టె తెరిచి సూసిన. ఫోన్ల వచ్చిన గుడ్ మార్నింగ్ బొమ్మలు, గులాబీ పువ్వులు, చాయ కప్పులు, దేవుండ్లు, ఒక్కొక్కటి నాలుగైదు జాగల భద్రంగ ఉన్నయి. వాటికి పేర్లున్నయి మరి. పేరున్న చెత్త మిగిలింది, పేరు లేని అవ్వ పోయింది.

నాకు ఆ ఘడియల స్వప్న కనవడలే. మా వదిన సరోజన కనవడ్డది, అప్పటి సరోజన. ముక్కు పుల్ల, నెత్తి నిండ నూనె, పరకాల పట్నం పిల్లననే పొగరు. పెండ్లయి మా ఇంటికొచ్చిన కొత్తల. ఆమె నాయిన బట్టలు కుట్టేటోడు, ఎవుసం లేదు. ఆమె అయిదో తరగతి సదివింది. మా ఊర్ల అప్పటికి అయిదో తరగతి సదివిన ఆడిమనిషంటే రెండు కండ్ల సందున ఇంకొక కన్నున్నట్టే సూసేది. నాకు అప్పుడు మేకపిల్లల ఎంబడి తిరిగే వయసు.

మా ఇంట్ల ఒక చీకటర్ర ఉండె. కిటికి లేదు. తలుపు తెరువంగనే పాత వడ్ల వాసన, యాపాకు వాసన, బూడిద వాసన, వాటి కింద ఎక్కడో మా అవ్వ చెమట వాసన. గోడ పొంటి కుండలు, కుండల మీద చిన్న చిన్న గురిగిలు, ఉట్టి మీద ఎండిన సొరకాయ బుర్రలు. ఇత్తునాలన్నీ అందులనే. అవ్వ దీపం పట్టుకపోయేది కాదు. తలుపు దాటి కుడి చెయ్యి చాపితే జొన్న, రెండడుగులేసి వంగితే కంది, మూలకు పోయి గోడ తడిమితే పెసలు, నెత్తి మీదికి చెయ్యెత్తితే బుర్రలు. "అవ్వా, ఏది ఏందో ఎట్ల ఎరుక?" అని అడిగితే, "నీ నోరు యాడున్నదో నీకు అన్నం తినేటప్పుడు ఎట్ల ఎరుక?" అనేది. ఇత్తునాన్ని ఊకె తెరిచి సూడనియ్యకపోయేది. గాలి తాకితే పురుగు వడతదట. కాలమొచ్చేదాక దాని మొఖం సూడద్దు. ఏండ్ల సంది తెరువని ఫైలును తీసెయ్యమని చెప్పే కంప్యూటర్ మా అవ్వకు ఆ రోజుల దొరికి ఉంటే దాన్ని ఎత్తి బాయిల ఏసేది.

అన్నిట్ల ఆమె ప్రాణం ఒక బుర్ర మీద. వంకాయ ఇత్తులు. అది ఆమె తల్లిగారింటి కాడ నుంచి, ములుగు అవతల అడివి అంచు ఊరి నుంచి తెచ్చుకున్న వంకాయ. పచ్చగ, మీద తెల్లగీతలు, చేతిల ఇమిడేటంత. నిప్పుల మీద కాల్చి ఉప్పు, పచ్చిమిరపకాయ, చింతపండు ఏసి నూరితే వాడకట్టంత ముక్కులెగరేసుకుంట వచ్చేది. అవ్వ తొక్కు పెట్టేది, కూర పెట్టేది, ముదిరిన కాయ మాత్రం ఎవ్వరి చేతిల పెట్టకపోయేది. "కొమురవ్వా, జర రెండిత్తులియ్యవే" అని అడిగితే, "ఈయేడు పురుగు వట్టింది అక్కా" అని నిలువుగ అబద్ధం చెప్పేది. ఊర్ల ఆ వంకాయ మా ఇంట్ల తప్ప ఇంకెక్కడ లేదు. మా ఇంట్ల ఆ బుర్రల తప్ప ఇంకెక్కడ లేదు. బుర్ర నిండ సన్నటి బూడిద, ఆ బూడిదల కలిసి ఇత్తులు. సూస్తే బూడిదే.

అవ్వ, నాయిన, అన్న బండి కట్టుకొని జాతరకు పోయిన్రు. కొత్త కోడలు, నేను ఇంటికాడ. అత్త వచ్చేవరకు ఇల్లు అద్దమోలె చెయ్యాలెనని వదిన చెంగు నడుముకు చెక్కింది. చీకటర్ర లోపలివన్నీ వాకిట్లకు మోసినం. బూజులు దులిపింది, ఎలుక బొరియలకు మట్టి పెట్టింది, గోడలకు సున్నమేసింది, కింద అలికి ముగ్గు సుత పెట్టింది. నిజం చెప్పాలె, ఆ అర్ర అంత సక్కదనం ఎన్నడు సూడలే. మూలకున్న పెసల కుండ, అవ్వ గోడ తడిమి "నిండుగున్నయి" అనుకునే కుండ, తెరిచి సూస్తే అంత పురుగు కొట్టిన పిండి. వదిన దాన్ని కోళ్లకు ఏసింది. తర్వాత కుండలన్నిటిని పెద్దయి ఒక దిక్కు, చిన్నయి ఒక దిక్కు వరుసగ పెట్టి, సుద్దముక్కతోని ఒక్కొక్కదాని మీద పేరు రాసింది. జొన్న. కంది. మినుము. నేను కుండ కదలకుండ పట్టుకున్న. నేను అక్షరాలను దగ్గర నుంచి సూసుడు అదే మొదలు. "ఇగో, ఇది జ. దీనికి ఒత్వమిస్తే జొ" అని నా చేతికి సుద్దముక్క ఇచ్చింది. ఉత్తగున్న ఒక గురిగి మీద నేను జ రాసిన. అది జ కాదు, తోక తెగిన బల్లి. అయినా రాసిన.

పని ఒడిసినంక బోళ్లు తోమాలె. బూడిద కోసరం చూస్తే ఒక బుర్ర నిండ సన్నటి, జల్లెడ పట్టినట్టున్న బూడిద. పట్నం పిల్లకు బూడిదంటే బోళ్లు తోమేదే. ఇంటి ఎనుక బండ మీద కూసొని బిందెలు, గంగాళాలు బంగారం లెక్క తోమింది.

అవ్వ వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే చీకటర్రలకు పోయి అలవాటుగ కుడి చెయ్యి చాపింది. చేతికి తడి సున్నం తగిలింది. రెండడుగులేసి వంగింది, ఏం లేదు. లోపల నుంచి కేకేసింది. "ఎవలు సచ్చిన్రే మనింట్ల? ఇల్లు గిట్ల కడిగిన్రు!"

"సాపు జేసిన అత్తా. పేర్లు సుత రాసిన" అన్నది వదిన, సంబురంగ.

"పేర్లా? ఎవలకు రాసినవే? కుండలు సదువుకుంటయా?"

"మీ కోసరమే అత్తా. ఎతుకుడు ఉండది."

"నేనెప్పుడు ఎతికిన్నే? ఇన్నేండ్ల సంది నేను ఎతికింది లేదు. ఇయ్యాల నువ్వు పేర్లు రాసినవు, ఇయ్యాల్టి సంది ఎతుకుత."

ఒక్కొక్క కుండల చెయ్యి పెట్టి, పంటి కింద ఏసి కొరికి, ముక్కు కాడ పెట్టుకొని, అన్నిటిని మల్ల పాత జాగలకు మార్చింది. పెసల కుండ ఏదని అడుగలే. అది ఏమైందో ఆమెకు అర్థమైంది, మాకు ఆమెకు అర్థమైందని అర్థమైంది. ఆఖరుకు నెత్తి మీదికి చెయ్యెత్తింది. "వంకాయ బుర్రేది?"

"వంకాయలు ఏ బుర్రల లేవు అత్తా."

"బూడిద బుర్రనే!"

"అదా... అది బూడిదే గద. బోళ్లు తోమిన."

కొడతదనుకున్న. కొట్టలే. అవ్వ ఒక్క ఉరుకు ఇంటెనుకకు ఉరికింది. బండ పక్కన బోళ్లు కడిగిన నీళ్లు మడుగు కట్టి ఉన్నయి, మా పెద్ద కోడి అందుల కాళ్లు పెట్టబోతాంది. "ముట్టద్దు!" అని అరిచింది. కోడికో, నాకో, వదినకో, మొత్తం లోకానికో తెల్వది. రేగుకంప తెచ్చి ఆ బురద చుట్టు వేసింది. ఆ దినం సంది అక్కడ ఎవ్వరు కాలు పెట్టద్దు, నీళ్లు పారబొయ్యద్దు, ఊడ్వద్దు. కొత్త బూడిద దాని మీద పడద్దు. బోళ్లు తోముడు వాడకట్టు అవతల బాయి కాడ. వదిన గంగాళం నెత్తిన పెట్టుకొని అంత దూరం పోయి తోముకొచ్చేది. నోరెత్తకపోయేది. పొద్దున లేవంగనే మాత్రం కంప కాడికి పోయి, ఎవ్వరు సూస్తలేరనుకొని, వంగి వంగి సూసేది. పోయింది ఒక్క వంకాయ కాదని ఆమెకు ఎరుకే. అది మొలువకపోతే ఈ ఇంట్ల ఆమె పేరు చచ్చేదాక "బోళ్లు తోమినామె" అని ఉంటది.

మొలకలొచ్చినయి. అన్నీ ఒక్కసారే వచ్చినయి. టమాట, సొర, మిరప, గడ్డి, పేరు లేని పిచ్చి మొక్కలు, మేము తిని కడిగినవన్నీ లేచి నిలవడ్డయి. అందుల వంకాయ ఏదో మొదట్ల అవ్వకు సుత తెల్వలే. రెండాకుల కాడ అన్ని పిల్లలు ఒక్క తీరే ఉంటయి. అత్త, కోడలు కంప ఇటు ఒకరు అటు ఒకరు గొంతుకూసొని, ఒక్కొక్క మొలక ఆకు ముట్టి, వాసన సూసి, ఇది కాదంటె ఇది కాదని పీకిన్రు. మాట్లాడుకోని అత్తా కోడండ్లు మాట్లాడుకునుడు అక్కడ్నే మొదలైంది. చివరికి చేతి వేళ్లన్ని వంకాయ మొక్కలు మిగిలినయి. అవి కాయగాచినంక, అవ్వ ముదిరిన కాయలు కోసి, ఎవలకైతే ఇన్నేండ్లు పురుగు వట్టిందని చెప్పిందో ఆ ఇంటింటికి పోయి తానే ఇత్తులిచ్చి వచ్చింది. ఇచ్చుకుంట సుత బెదిరించుడు మానలే. "నేనడిగిన్నాడు మల్ల ఇయ్యాలె. పురుగు వట్టిందని చెప్పినవంటె నీ కథ సూస్త."

ఆమె అన్నిట్ల మెత్తవడ్డది గని ఒక్కదాంట్ల మెత్తవడలే. జాతర నుంచి వచ్చిన ఆ సాయంత్రమే తడిగుడ్డతోని కుండల మీది పేర్లన్నీ తుడిచింది. నా బల్లి సుత పోయింది. అట్ల సదువు మా ఇంటికి కుండల మీద వచ్చి తడిగుడ్డతోని పోయింది. నాకు మల్ల సుద్దముక్క చేతికి రావడానికి పెండ్లి కావాలె, పిల్లలు కావాలె, కాజీపేట రావాలె. మా అవ్వ మీద నాకున్న ఒక్క కోపం అది. ఆమె గొంతు పోయిందని ఏడ్చేటప్పుడు సుత ఆ కోపం అక్కడ్నే, దాని జాగల అది ఉన్నది.

ఇగ స్వప్న. ఆమె అప్పటికే కుర్చీల కూసొని, "ఫికర్ చెయ్యకుండ్రి అత్తమ్మా, పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటది, ఇప్పుడే ఏస్త" అని మౌస్ పట్టింది. నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "ముట్టద్దు!" అని అరిచి, గోడకున్న వైరు పీకిన. ఆరిపోయింది. స్వప్న నన్ను చూసింది. మా పెద్ద కోడి సుత ఆ దినం అవ్వను అట్లనే చూసింది.

తెల్లారి కంప్యూటర్ డబ్బను పాత దుప్పట్ల కట్టి ఆటోల ఒళ్ళె పెట్టుకొని, కోడలు నేను హన్మకొండ చౌరస్తా పక్కన రిపేరు దుకాణానికి పోయినం. దుకాణమాయన యాకూబ్, స్వప్నకు ఎరుకే. ఆయన మూత ఇప్పి లోపలికి చూసి, "అమ్మా, ఇందుల దిండు సింపిన్రా?" అన్నడు. ఫ్యాన్ల చుట్టు దూది లెక్క దుమ్ము పేరుకొని ఉన్నది. ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం జరిగింది చెప్పినం. ఆయన అంత ఇని, "తీసేసినంక ఇందుల ఏమన్న ఏసిన్రా?" అని అడిగిండు.

"ఏద్దామనుకున్న. అత్తమ్మ ముట్టద్దని వైరు పీకింది" అన్నది స్వప్న.

"బచాయించిన్రమ్మా! వైరు పీకుడు ఎన్నడు మంచిది కాదు గని, ముట్టకపోవుడు మంచిగైంది. తీసేసినమంటె అది పోయినట్టు కాదు. దాని పేరును లిస్టుల కొట్టేసి, ఈ జాగ ఖాళీ అని రాసుకుంటది, గంతే. సామాను ఆడ్నే ఉంటది. దాని మీద కొత్తది వచ్చి కూసుంటెనే నిజంగ పోతది. మీకెట్ల తెలిసింది?"

నేను కోపంల అన్న మాటను ఆయన తెలివనుకున్నడు. నేను దిద్దలే. ఈ వయసుల ఊకెనే వచ్చిన మర్యాదను ఎవ్వరు వాపసియ్యరు.

"దొరుకుతదా?" అన్న.

"జర సబర్ జెయ్యాలె. డిస్క్ సుత ముసల్దయింది. కట్ కట్ అంటాంది. గ్యారంటీ ఇయ్య."

ఆ ఎదురుచూపుల స్వప్న ఇంట్ల ఏ పనికి ఆగలే. నాకు ఇష్టమని అడుగకముందే చాయ పెట్టింది. నేను అడిగితే తప్ప మాట్లాడలే. దినానికి ఎన్నోసార్లు ఫోను తీసి, ఎవ్వరు సూస్తలేరనుకొని, దుకాణం నుంచి ఏమన్న వచ్చిందా అని సూసుకునేది. నేను సూస్తనే ఉన్న. కంప మీద వంగిన ముక్కుపుల్లను సూసిన కండ్లే ఇవి.

యాకూబ్ పిలిచిండు. పాత డిస్క్ నుంచి దొరికినవన్నీ కొత్తదాంట్ల పోసి ఇచ్చిండు. "దొరికినయమ్మా. గని పేర్లు రాలే. అన్నిటికి అంకెలే ఉన్నయి. మీదేదో మీరే తెరిచి సూసుకోవాలె" అన్నడు. ఇచ్చే ముందు మాకు నాలుగు మాటలు చెప్పిండు. డిస్క్‌ను గొంతుదాక నింపద్దు, పావలా వంతన్నా ఖాళీ ఉంచాలె. బంద్ చేసే పద్ధతిల బంద్ చెయ్యాలె. దుమ్ము ఊదిపియ్యాలె. ఒక్క క్లిక్‌తోని సాపు చేస్తమనే వాటిని నమ్మద్దు. అవసరమున్నది ఏదైనా ఒక్క జాగల ఉంచద్దు, ఇంకొక జాగల ఇంకొకటి పెట్టాలె. ఆఖరు మాటకు నాకు నవ్వొచ్చింది. మా అవ్వకు ఆ మాట తెల్వడానికి గంగాళాలు తోమాల్సొచ్చింది, నాకేమో కొత్త డిస్క్ కొనాల్సొచ్చింది.

ఇంటికొచ్చి కోడలు నేను పక్కపక్కన కూసున్నం. తెర నిండ అంకెలు. ఇప్పుడు స్వప్నకు సుత పేర్లు లేవు, నాకు జాగలు లేవు. ఒక్కొక్కటి తెరుసుడే. గులాబీ పువ్వు. చాయ కప్పు. మల్ల గులాబీ పువ్వు. మేము ఎన్నడో తీసేసిన చెత్తంత లేచి నిలవడ్డది. ఎవల పెండ్లిదో బ్యాండు సప్పుడు. నా మనవరాలు చిన్నప్పుడు పాడిన పద్యం సగం. స్వప్న దాన్ని మల్ల మొదటి నుంచి పెట్టి ఇన్నది. "ఇది పోయిందని నాకు ఎరుకనే లేదత్తమ్మా" అన్నది. ఆమెకు సుత ఒకటి దొరికింది. నాకు లోపల కచ్చ కొంచెం తగ్గింది.

పొయ్యి మీద పప్పు ఉడికేలోపు మా అవ్వ వచ్చింది.

మొదట నా కొడుకు గొంతు, "అమ్మమ్మా, పాట పాడు." తర్వాత ఆమె. "పాటేంది రా? ఆ డబ్బ పక్కకు పెట్టు. బియ్యంల అన్నీ రాళ్లే. మీ అమ్మ సూసుకోకుండనే వండుతది."

గంతే. పాట లేదు. ఇన్నేండ్లు వచ్చినోళ్లందరికి నేను చెప్పిన నాటు పాట, దంపుడు పాట, ఏదీ లేదు. నా కొడుకు ఫోను కింద పెట్టి ఆటకు పోయినట్టున్నడు. తర్వాతంత చేట సప్పుడు. బియ్యం చెరుగుడు. జర్, జర్, టక్. జర్, జర్, టక్. నడుమ ఒక కాకి, నడుమ దూరంగ రైలు, ఒకసారి "ఉష్" అని దేన్నో కొట్టినట్టు. అంత పెద్ద ఫైలు, అంత నిండ చెరుగుడే.

నేను మా వదినకు ఫోన్ చేసిన. ఆమె మోకాలు కింద దిండు పెట్టుకొని పండుకున్నదట. ఏందని చెప్పకుండ ఫోనును కంప్యూటర్ కాడ పెట్టిన. శానసేపు ఇని అన్నది, "గా చేట కొట్టుడు సూడు పిల్లా. మీ అవ్వకు నా మీద కోపం ఇంక పోలే."

నేను నవ్విన. నవ్వి, కండ్లు తుడుచుకొని, జరిగిందంత చెప్పిన. పేరు లేదని కోడలు తీసేసిందని సుత చెప్పిన. స్వప్న పక్కకు తిరిగింది. వదిన అన్నది, "మరి పేరు రాసుకో. ఇప్పుడు తుడిచేటోళ్లు లేరు గదా."

స్వప్న కొత్త డిస్క్‌ల అన్నీ సర్దుకుంట, నెమ్మదిగ అడిగింది. "అత్తమ్మా, మాటలున్నది ముందు కొంచెమే. మిగతాదంత ఉత్త సప్పుడే. అది కట్ చేస్తే ఫైలు చిన్నగైతది. డిస్క్ మీద బరువుండది."

"ఉత్త సప్పుడా? బియ్యంల రాళ్లేరుతాంది. కానియ్యి, ఏరుకోనియ్యి."

స్వప్న దాన్ని కట్ చెయ్యలే. ఒకటి నా కొడుకు పెన్‌డ్రైవుల పెట్టింది, ఒకటి వదిన కొడుకు ఫోనుకు పంపింది, ఒకటి తన దాంట్ల పెట్టుకున్నది. పేరేం పెట్టాలె అని కుర్చీ నా దిక్కు జరిపింది. నేను ఒక్కొక్క వేలుతోని టైపు చేసిన: అవ్వ చెరుగుతాంది. తర్వాత మౌస్ పట్టుకొని, దాన్ని మెల్లగ గుంజుకపోయి, చెత్తడబ్బ కింద మూడో జాగలనే పెట్టిన.

"మల్ల అక్కడ్నేనా అత్తమ్మా? పేరు పెట్టినం గదా" అన్నది స్వప్న.

"పేరు నీ కోసరం బిడ్డా. జాగ నా కోసరం."